ఎక్కడ అని అడిగిన మనిషి

అనగనగా ఒక రైలు ఊరు. పేరు ఖరగ్‌పూర్. ఉండేది బెంగాల్లోనే అయినా సందు మలుపు తిరిగితే శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ వర్క్‌షాపు పెట్టినప్పటి నుంచీ మన ఉత్తరాంధ్ర పల్లెల వాళ్లు తట్టాబుట్టా సర్దుకుని వెళ్లి ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గార్డులుగా కుదురుకున్నారు. ఆ కార్మికుల కోసం 1920ల్లో సమ్మె నడిపించిన వి.వి. గిరి గారు తరవాత రాష్ట్రపతి అయ్యారు. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇచ్చిందంటే, అది ఇలాంటి ఊళ్లున్నందుకే. ఇంతవరకూ నిజం. ఇక్కణ్ణుంచి చెప్పేది కథ.

ఆ ఊళ్లో సుభాష్‌పల్లి. ఆ సుభాష్‌పల్లిలో తెలుగువాళ్ల నాటక సమాజం ఒకటి. పగలంతా డ్యూటీ, రాత్రి రిహార్సల్. ఒక ఏడాది పరిషత్తు పోటీలకి కొత్త నాటిక వెయ్యాలనుకున్నారు. రాసింది ఒక అకౌంట్స్ గుమస్తా. చదువుకున్నవాడు, బెంగాలీ నాటకాలు చూసినవాడు, కుటుంబ కథలతో విసిగిపోయినవాడు. ‘అత్తాకోడళ్ల గొడవ, ఆస్తి పంపకం, ముసలి తండ్రి ఏడుపు ఇంకెన్నాళ్లు వేస్తాం’ అని, ఎవరూ ముట్టని కథ ఎత్తుకున్నాడు.

కథ ఇదీ. తెరలేస్తే జైలు గది. బల్ల, నాలుగు కుర్చీలు. అయిదుగురు ఆడవాళ్లని చంపి శిక్ష పడ్డ హంతకుడు ఒక కుర్చీలో. మిగతా మూడింట్లో ముగ్గురు రచయితలు: ఒక నవలా రచయిత, ఒక పత్రికా విలేకరి, ఒక సినిమా రచయిత. ఆ మనిషి మనసులో ఏముందో రాబట్టి పుస్తకమో, వ్యాసమో, సినిమానో చేద్దామని వచ్చారు. తలుపు దగ్గర జైలరు. అతనికి ఉన్నది ఒకటే మాట: “టైమైంది.”

హంతకుడి వేషం వర్క్‌షాపులో పెయింటర్‌గా చేసే కుర్రాడిది. మంచి గొంతు, కళ్లు పెద్దవి. జైలరు వేషం రిటైరైన గార్డు గారిది. ఆయనకి డెబ్భై దాటాయి, డైలాగులు గుర్తుండవు, కానీ యూనిఫారమ్ వేస్తే నిండుగా ఉంటారు. పైగా విజిల్ సొంతది.

రిహార్సల్ మొదలైన వారానికే సందంతా ఆ నాటిక గురించే. హంతకుడి పాత్ర అంత బాగా కుదిరింది. నవలా రచయిత మెత్తగా, “నీ చిన్నతనం ఎలా గడిచింది?” అంటే, హంతకుడు ఒక్క క్షణం ఆగి, తాగొచ్చి కొట్టిన తండ్రి గురించి, నూతి గట్టు మీద ఒంటరిగా కూచున్న సాయంత్రాల గురించి చెబుతాడు. నవలా రచయిత కళ్లు తుడుచుకుంటాడు. విలేకరి, “నీ వెనక పెద్దవాళ్లెవరైనా ఉన్నారా?” అంటే, హంతకుడు గొంతు తగ్గించి, రెండు ఖద్దరు చొక్కాల గురించీ ఒక కారు నంబరు గురించీ సగం సగం చెప్పి ఊరుకుంటాడు. విలేకరి పెన్ను ఆగదు. సినిమా రచయిత, “చంపేటప్పుడు నీకేమనిపించేది?” అంటే, హంతకుడు నవ్వి, పదునైన మాట ఒకటి విసురుతాడు. ఆ మాట మర్నాటికల్లా సందులో పిల్లల నోట్లో ఉంది. సిగరెట్టు లేకుండానే సిగరెట్టు పట్టుకున్నట్టు వేళ్లు పెట్టి ఆ డైలాగ్ చెప్పుకునేవాళ్లు.

ఎవరికి ఏ సరుకు కావాలో చూసి అది తూచి ఇచ్చాడన్నమాట హంతకుడు. రచయితలు తాము ఇంటర్వ్యూ చేస్తున్నామనుకున్నారు. నిజానికి ప్రశ్న వినగానే అతను వాళ్లని చదివేసేవాడు. ఇది గుమస్తా కావాలని రాశాడో, కలం దానంతటదే అటు పోయిందో తెలీదు.

మొదటి అడ్డు గార్డు గారి దగ్గర వచ్చింది. నాటికలో హంతకుడు ఒకచోట చెబుతాడు: “ఖరగ్‌పూర్‌లో రైలు అయిదు నిమిషాలాగింది. చివరి బోగీలోంచి దిగాను. ప్లాట్‌ఫారం ఆ చివర కుళాయి దాకా వెళ్లి చేతులు కడుక్కున్నాను. తిరిగొచ్చి నా బోగీలో నేను కూచున్నాను. ఎవరూ చూడలేదు.” గగుర్పాటు కలిగించే చోటు అది. అక్కడ తబలా కూడా పెట్టారు.

గార్డు గారు చెయ్యెత్తారు. “ఒరేయ్, మన ప్లాట్‌ఫారం ఎంతో తెలుసా? వెయ్యి డెబ్భై రెండు మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోనే ఇంత పొడవైంది లేదనేవాళ్లు. ఈ చివర్నుంచి ఆ చివరికి నడిస్తే నాకు వయసులో ఉన్నప్పుడే పావుగంట పట్టేది. వీడు వెళ్లి, చేతులు కడుక్కుని, తిరిగొచ్చి, అయిదు నిమిషాల్లో బండెక్కాడా?”

గుమస్తా చిరాకుపడ్డాడు. “బాబాయ్, ఇది నాటకం. టైమ్‌టేబుల్ కాదు.”

“నాటకంలో అబద్ధం ఉండొచ్చురా. నేను కాదన్నానా? కానీ ఆ అబద్ధం చెబుతున్నది వాడా, నువ్వా? అది నీకు తెలియాలి కదా.”

గుమస్తా దగ్గర జవాబు లేదు. హంతకుడు అబద్ధం ఆడుతున్నాడని అతను రాయలేదు. తనే కొలత చూసుకోకుండా రాశాడు. అయినా ఆ డైలాగ్ తీసెయ్యడానికి మనసొప్పలేదు. తబలా అంత బాగా పడింది మరి. “జనం మీటర్లు లెక్కపెట్టరు బాబాయ్” అని ముందుకి పోయాడు.

రెండో అడ్డు టీ తెచ్చే ఆవిడది. సందు మొదట్లో బండి పెట్టుకుని టీ, బజ్జీలు, మూరీ అమ్ముకునే మనిషి. అందరూ ‘అప్పా’ అంటారు. రిహార్సల్‌కి రోజూ కెటిల్ పట్టుకొచ్చేది, గ్లాసులిచ్చి గోడకి ఆనుకుని చూసేది, ఖాళీ గ్లాసులు పట్టుకుపోయేది. నాటకాల సంగతి నాకేటి తెలుసు అన్నట్టు ఉండేది. అయితే రోజూ ఒకే నాటిక చూస్తే మేస్త్రీకి గోడలో సందు కనిపించినట్టు ఆవిడకొకటి కనిపించింది.

పోటీకి బయల్దేరే ముందు గ్రాండ్ రిహార్సల్. ఆ రోజు సందులో వాళ్లందరినీ పిలిచారు. చాపల మీద పిల్లలు, కుర్చీల్లో పెద్దలు, గుమ్మంలో నించున్న బెంగాలీ పొరుగువాళ్లు. భాష రాకపోయినా నాటకమంటే వాళ్లు ఆగకుండా ఉండలేరు. చివరి ఘట్టంలో హంతకుడు లేచి నించుని, దీపం వెలుగు మొహమ్మీద పడుతుండగా, రెండు నిమిషాల ఏకపాత్ర చెబుతాడు. ‘నన్ను తయారుచేసింది మీరే’ అన్న ధోరణిలో సాగుతుంది. అయిపోయింది. చప్పట్లు మోగాయి. ఎవరో ఈల కూడా వేశారు.

చప్పట్లు ఆగాక టీ అప్ప గోడ దగ్గర్నుంచే అడిగింది.

“బాబూ, ఇంతకీ ఆ నాలుగో పిల్ల దొరికిందా?”

అందరూ వెనక్కి తిరిగారు. నాటికలో ఒకే ఒక్క వాక్యం ఉంది ఆ పిల్ల గురించి. నాలుగో అమ్మాయిని ఊరు చూపిస్తానని రైలెక్కించానని, శవం ఎవరికీ దొరకలేదని హంతకుడు నవ్వుతూ అంటాడు. ఆ వాక్యం వెనకే సినిమా రచయిత ఇంకో ప్రశ్న వేస్తాడు. కథ వెళ్లిపోతుంది.

గుమస్తా మర్యాదగానే చెప్పాడు. “అది కథకి ముఖ్యం కాదప్పా.”

“కతకి ముక్యం కాదేమో. ఆల్లమ్మకి ముక్యం కదేటి.”

కొందరు నవ్వారు. పెయింటర్ కుర్రాడు ఇంకా వేషంలోనే ఉన్నాడు, ఈల విన్న హుషారులో ఉన్నాడు. హంతకుడి గొంతుతోనే అందుకున్నాడు. “అమ్మా, నా చిన్నతనం తెలిస్తే నువ్వు...”

“నీ సిన్నతనం రోజూ ఇంతన్నాను బాబూ. ఆ పిల్ల ఎక్కడుంది?”

“నా వెనక పెద్ద తలకాయలున్నాయి. పేర్లు చెబితే...”

“సెప్పు. ముందు ఆ పిల్ల ఎక్కడుందో సెప్పు.”

కుర్రాడు ఆ పదునైన డైలాగ్ కూడా వేసి చూశాడు. సందులో పిల్లలంతా మురిసిపోయిన డైలాగ్. ఆవిడ రెప్ప వెయ్యలేదు. “అది కాదు నానడిగింది” అంది.

కుర్రాడు ప్రాంప్టర్ వైపు చూశాడు. ప్రాంప్టర్ కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. వాటిలో ఆ ప్రశ్నా లేదు, జవాబూ లేదు. కుర్రాడు మొహానికున్న రంగు చేత్తో తుడుచుకుని, గుమస్తాతో మెల్లిగా అన్నాడు. “సార్, నాకిక్కడ డైలాగ్ రాయండి.”

ఆ రాత్రి గుమస్తా కూచున్నాడు. గార్డు గారు కూడా కూచున్నారు, నిద్రపట్టని వయసు కనుక. గుమస్తా మొదట గొప్ప జవాబు రాశాడు: ఆ అమ్మాయి గాలిలో ఉంది, నదిలో ఉంది, నా నిద్రలో ఉంది. గార్డు గారు విని, “ఇది పోస్ట్‌మార్టం వాళ్లకి పనికిరాదు” అన్నారు. రెండోసారి, పోలీసులే దాచారని రాశాడు. “అది విలేకరి కోసం రాశావు” అన్నారు. మూడోసారి హంతకుడి చేత ఏడిపించాడు. “ఎవరి కోసం ఏడుస్తున్నాడు?” అన్నారు.

“మరి మీరైతే ఏం అడుగుతారు బాబాయ్?”

గార్డు గారు చొక్కా జేబులోంచి పాత డైరీ తీశారు. “నా సర్వీసులో రెండు యాక్సిడెంట్ ఎంక్వైరీలు చూశాను. ఎప్పుడూ ‘ఎందుకు’ అని మొదలుపెట్టరు. ఏ కిలోమీటరు? ఏ టైము? సిగ్నల్ ఏ రంగు? నువ్వెక్కడున్నావు? డ్రైవర్ని ఒక గదిలో, గార్డుని ఒక గదిలో, గేట్‌మన్‌ని ఒక గదిలో అడుగుతారు. నా జర్నల్‌లో రాసిన టైము స్టేషన్ మాస్టర్ రిజిస్టర్‌తో కలవాలి. కలవకపోతే ఎవరో ఒకరు అబద్ధం. అవన్నీ తేలాక చివర్న ఎందుకన్నది దానంతటదే బయటికొస్తుంది. ఒక్కడి స్టేట్‌మెంటు ఎంక్వైరీ అవదురా.”

తెల్లారేసరికి నాటిక మారింది. ఎక్కువ కాదు, ఆఖరి నాలుగు నిమిషాలు. రచయితలు ముగ్గురూ నోట్‌బుక్కులు మూసి లేచాక, జైలరు ‘టైమైంది’ అనడు. ఖాళీ అయిన కుర్చీలో కూచుని డైరీ తెరుస్తాడు. నాలుగో పిల్ల ఎక్కడుందని అడుగుతాడు. హంతకుడు చిన్నతనం ఎత్తుకుంటాడు. జైలరు ఆ ప్రశ్నే మళ్లీ అడుగుతాడు. హంతకుడు ప్లాట్‌ఫారం కుళాయి కథ చెబుతాడు. వెయ్యి డెబ్భై రెండు మీటర్లని జైలరు గుర్తుచేస్తాడు. కుళాయి కథ అబద్ధమని అప్పుడు జనానికి తెలుస్తుంది. తబలా అలాగే ఉంచారు, కానీ ఇప్పుడది వేరేగా వినిపించింది. ఆఖరికి హంతకుడు తల దించుకుని చెప్పిన మాట ఒకటే.

“గుర్తులేదు.”

అంతే నాటిక. అంతసేపు తన ఊహల గురించి, తన బాధ గురించి, తన లోతు గురించి మాట్లాడిన మనిషికి ఆ పిల్లని ఎక్కడ వదిలాడో గుర్తులేదు.

పోటీలో బహుమతి రాలేదు. హంతకుడి పాత్ర చివర్లో ‘డల్’ అయిపోయిందన్నారు న్యాయనిర్ణేతలు. పెయింటర్ కుర్రాడు ఉత్తమ నటుడి షీల్డు పోయిందని కొన్నాళ్లు గుమస్తాతో మాట్లాడలేదు. గార్డు గారి డైలాగులు ఒకటి నుంచి పదకొండయ్యాయి. వాటిలో మూడు మర్చిపోయారు. కథ సమాప్తం.

నీతి: ఎందుకు చంపావని అడిగితే హంతకుడు కథ చెబుతాడు. చంపినవాళ్లని ఎక్కడ వదిలావని అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది. కథ కోసం వెళ్లేవాళ్లు మొదటి ప్రశ్నతో మొదలుపెడతారు. న్యాయం కావలసినవాళ్లు రెండో ప్రశ్నతో మొదలుపెడతారు.

నీతి చెప్పి ఊరుకుంటే ఇది చందమామ కథే. దీనికి నిజం వైపు ఒక ఊరుంది: వరంగల్ దగ్గర గొర్రెకుంట.

2020 మే నెల. లాక్‌డౌన్ రోజులు. గొర్రెకుంటలో గోనె సంచులు కుట్టే కర్మాగారం పక్కనున్న పాడుబావిలో మే 21న నాలుగు శవాలు తేలాయి. వలస వచ్చిన కుటుంబం, పనుల్లేవు, ఆకలి. ఆత్మహత్య అనే కథ ఒకటి వెంటనే అల్లుకుంది. నమ్మడానికి అన్ని హంగులూ ఉన్న కథ. మర్నాడు బావిలోంచి ఇంకో అయిదు శవాలు వచ్చాయి. తొమ్మిది మందిలో ఆరుగురు బెంగాల్ నుంచి వచ్చి దాదాపు 20 ఏళ్లుగా వరంగల్లోనే బతుకుతున్న ఒకే కుటుంబం వాళ్లు. అందులో మూడేళ్ల పసివాడు ఉన్నాడు. మిగతా ముగ్గురిలో ఇద్దరు బీహారు కుర్రాళ్లు, ఒకరు త్రిపుర మనిషి.

చంపింది బీహారు నుంచి వచ్చి అక్కడే పనిచేసిన సంజయ్ కుమార్ యాదవ్ అని సీసీ కెమెరాల దృశ్యాలు పట్టిచ్చాయి. తిండిలో నిద్రమాత్రలు కలిపాడు. అందరూ స్పృహ తప్పాక ఒక్కొక్కరినీ గోనె సంచిలో ఈడ్చుకెళ్లి బావిలో పడేశాడు. ఎందుకన్న ప్రశ్నకి దర్యాప్తులో తేలిన జవాబు వినండి: తొమ్మిది హత్యలూ ఒక హత్యని దాచడానికి. అంతకుముందు అతను చంపిన మనిషి ఆ కుటుంబానికి చుట్టం, బెంగాల్ స్త్రీ, ముగ్గురు పిల్లల తల్లి. పెళ్లి చేసుకుంటాను, బెంగాల్ వెళ్లి మీ పెద్దలతో మాట్లాడదామని అదే ఏడాది మార్చిలో ఆమెని గరీబ్‌రథ్ రైలెక్కించాడు. మజ్జిగలో నిద్రమాత్రలు కలిపిచ్చి, గొంతు నులిమి, నిడదవోలు దగ్గర రైల్లోంచి తోసేశాడు. తిరిగొచ్చి, ఆమె బెంగాల్లో చుట్టాలింట్లో ఉందని చెప్పాడు.

ఆ మాట నమ్మని మనిషి ఒకావిడ ఉంది. ఆ కుటుంబం ఇల్లాలు. మా పిల్ల ఎక్కడుంది అని అతన్ని నిలదీసింది. జవాబు కుదరకపోతే మళ్లీ నిలదీసింది. చెప్పకపోతే పోలీసులకి చెబుతానంది. ఆ కేసులో హంతకుణ్ని మొదట ఇంటర్వ్యూ చేసింది ఆవిడే. టేప్‌రికార్డర్ లేదు, నోట్‌బుక్ లేదు. ఒక్క ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న వదలనందుకే ఇంటిల్లిపాదీ బావిలో తేలారు. 2020 అక్టోబర్ 28న వరంగల్ కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. నేరం జరిగిన అయిదు నెలల చిల్లరకే తీర్పు వచ్చింది.

సుభాష్‌పల్లి టీ అప్పని నేను కల్పించాను. గొర్రెకుంట ఇల్లాలిని కల్పించాల్సిన అవసరం ఎవరికీ లేదు.

హంతకుల మాట విననే వినకూడదని నేననడం లేదు. ఒక్కోసారి ఆ మాటలో ఇంకెవరూ చెప్పని నిజాలుంటాయి. మద్రాసు ఆటో శంకర్ సంగతి పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆరు హత్యల కేసులో ఉరిశిక్ష పడ్డవాడు. జైల్లో కూచుని ఆత్మకథ రాశాడనీ, భార్య ద్వారా ‘నక్కీరన్’ తమిళ పత్రికకి చేర్చాడనీ, అందులో కొందరు పెద్ద అధికారులతో తనకున్న లావాదేవీలు బయటపెట్టాడనీ పత్రిక ప్రకటించింది. అతను రాయనే లేదని జైలు శాఖ అంది. వెయ్యొద్దని పత్రికకి ఉత్తరం పంపింది. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 1994 అక్టోబర్ 7న తీర్పు చెప్పింది మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, కలకత్తా నుంచి వచ్చిన జస్టిస్ సుహాస్ సి. సేన్. తెలుగాయన ఒకరు, బెంగాలీ ఆయన ఒకరు. కోర్టు రికార్డుల్లాంటి బహిరంగ పత్రాల్లో ఉన్నంత మేరకు అతని అనుమతి లేకపోయినా వేసుకోవచ్చన్నారు. దాన్ని దాటి అతని సొంత జీవితంలోకి వెళితే అందుకు పత్రికే బాధ్యత వహించాలన్నారు. తమ పరువు పోతుందని అధికారులు ముందుగానే అచ్చు ఆపించలేరన్నారు. ఆ తరవాత వ్యక్తిగత గోప్యత మీద ఈ దేశంలో జరిగిన ప్రతి పెద్ద వాదనలోనూ ఆ తీర్పు వినిపిస్తూనే ఉంది. శంకర్‌ని 1995 ఏప్రిల్లో సేలం జైల్లో ఉరితీశారు.

ఆ తీర్పులో నాకు పట్టుబడ్డది ఒకటుంది. ఖైదీ ఏం చెప్పాడన్నదాని కన్నా, చెప్పింది రికార్డులో ఎంతవరకు ఉందన్నదే జడ్జీలు కొలబద్దగా పెట్టుకున్నారు. మన గార్డు గారు జర్నల్‌ని స్టేషన్ మాస్టర్ రిజిస్టర్‌తో కలిపి చూడమన్నది ఇలాంటి పనే. హంతకుడి మాట పక్కన ఇంకో కాగితం పెట్టాలి. పెట్టకుండా అచ్చేస్తే రాసినవాడు అతని గుమస్తా అయిపోతాడు.

శిక్ష పడ్డవాడి దగ్గరికి రచయిత వేరే దారిలో కూడా వెళ్లొచ్చు. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబడి 23 మంది చనిపోయారు. దోపిడీకి బస్సెక్కి పెట్రోలు పోసిన ఇద్దరు యువకులకి ఉరిశిక్ష పడింది. వాళ్లకి ప్రాణభిక్ష పెట్టమని రాష్ట్రపతిని అడిగినవాళ్లలో బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి ఉన్నారు. శిక్ష తరవాత యావజ్జీవంగా మారింది. ఆ 23 మంది ఇళ్లవాళ్లకి అది మింగుడుపడకపోయి ఉండొచ్చు. వాళ్ల వైపు నేనూ ఆలోచిస్తాను. కానీ ఆవిడ ఆ కుర్రాళ్ల కథని అరువడగలేదు. ఉరి వద్దని తన పేరు పెట్టి అడిగారు. రెంటికీ చాలా తేడా ఉంది.

ఖరగ్‌పూర్ వాళ్లకి ఈ పాఠం ఇంకోలా తెలుసు. 2023 జూన్ 2న బహనగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ రైలు ప్రమాదం జరిగింది ఖరగ్‌పూర్ రైల్వే డివిజన్లోనే. మొదటి రోజుల్లో ఎన్ని కథలు! డ్రైవర్ తప్పన్నారు, కుట్రన్నారు, ఫోన్లలో మతాల పేర్లు కూడా తిరిగాయి. అందరూ ‘ఎవరు, ఎందుకు’ అన్నవాళ్లే. రైల్వే భద్రతా కమిషనర్ విచారణ ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలోని సౌత్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైంది. అక్కడికి ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. చివరికి తేలింది సిగ్నల్ సర్క్యూట్ వైరింగ్‌లో చేసిన మార్పుల్లో లోపం. లెవెల్ క్రాసింగ్ దగ్గర గూమ్టీ అనే ఒక చిన్న గది, అందులో తీగలు. కథ చెప్పుకోవడానికి ఏమీ లేని జవాబు, మళ్లీ ప్రమాదం జరక్కుండా చూడ్డానికి పనికొచ్చే జవాబు. ఇంకోవైపు భువనేశ్వర్‌లో శవాల మధ్య ‘మా వాడెక్కడ’ అని తిరిగిన తల్లిదండ్రులున్నారు. చివరికి ఎవరూ గుర్తుపట్టని 28 మందికి అక్టోబర్‌లో అక్కడే దహన సంస్కారం చేశారు.

హంతకుల మీద నాటకాలు, సినిమాలు, వెబ్ సిరీస్‌లు ఇంకా వస్తాయి. రావాలి కూడా. జనం చూస్తారు, నటులకి అంతకన్నా మంచి వేషం దొరకదు. గొర్రెకుంట మీద నాటిక రాయాలని ఏ తెలుగు రచయితైనా, ఖరగ్‌పూర్లో ఉన్నా ఖమ్మంలో ఉన్నా, అనుకుంటే ఒక్క విన్నపం. మొదటి దృశ్యం జైల్లో పెట్టకండి. గోనె సంచుల గోదాములో పెట్టండి. రోజుకి ఎన్ని సంచులు కుడతారో, కూలి ఎంతో, ఆ ఇల్లాలు తన వాళ్లతో ఏ భాషలో మాట్లాడేదో వరంగల్ వెళ్లి కనుక్కుని రాయండి. ఆవిడ అడిగిన ప్రశ్నతో తెర లేపండి. హంతకుణ్ని ఆ తరవాతే రంగం మీదికి రానివ్వండి.